తల్లి కంచము

ఆహారమును తూచి తినవలయునా, ఆకలి నెఱిగి తినవలయునా యను వివాదము నేడు గృహిణుల నడుమ తఱచుగా వినవచ్చుచున్నది. ఒక పక్షమువారు ముద్దముద్దకు కేలరీలు లెక్కగట్టి చేతి ఫోనులో నెక్కించుకొందురు. రెండవ పక్షమువారు లెక్కల నన్నిటిని త్రోసిపుచ్చి దేహము చెప్పిన మాట వినుమందురు. ఇరువురును తమ మార్గము క్రొత్తదనియే తలంతురు. చరిత్ర తిరుగవేయగా రెండును పాతవే. అంతకంటె గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఈ మార్గములు మొదట ఏర్పడినపుడు, పదిమందికి వడ్డించి తాను తినవలసిన స్త్రీని దృష్టిలో నుంచుకొన్నవారు కానరారు.

చరక సంహిత సూత్రస్థానమున నైదవ యధ్యాయమునకు మాత్రాశితీయమని పేరు. మాత్ర యెఱిగి తినవలెననుట యందలి మొదటి మాట. ఆ మాత్ర యెంత యని యడిగినచో తులములలో సమాధానము లేదు. తినువాని జఠరాగ్ని బలమును బట్టి యుండునని చెప్పబడినది. విమానస్థానమున మఱికొన్ని నియమములు గలవు: వేడిగా తినవలెను, మునుపటిది జీర్ణమైన పిమ్మట తినవలెను, త్వరపడరాదు, మాటలాడక, నవ్వక, మనసు నిలిపి తినవలెను. నేడు దేహము మాట వినుమనువారు చెప్పునదియు నించుమించుగా నిదియే. చంటిబిడ్డ నొడిలో నుంచుకొని, పెద్దవానికి బడి సంచి సర్దుచు, పొయ్యిమీది పాలపై నొక కన్ను వేసి తినునామెకు వీనిలో నెన్ని సాగునో పాఠకులే యూహింతురు గాక.

తూకపు మార్గమునకు ఐరోపాలో పేరుపడినవాడు పాదువా నగరవాసి యగు అల్వీసే కొర్నారో. తిండి త్రాగుడుల మితిమీరి యారోగ్యము చెడగా, దినమునకు 12 ఔన్సుల యాహారము, 14 ఔన్సుల ద్రాక్షసారాయము అని కట్టుబాటు చేసికొని బాగుపడి, 1558లో మితజీవనమును గూర్చి పుస్తకము ప్రకటించెను. బంధువుల బలవంతముచే రెండేసి యౌన్సులు పెంచినంతనే జబ్బుపడితినని యాయనయే వ్రాసికొనెను. మూడు శతాబ్దముల పిమ్మట లండనులో విలియం బాంటింగను వృద్ధుడు, శవసంస్కారముల యేర్పాట్లు చేయు వ్యాపారి, 1862లో 202 పౌనుల బరువుండెను. విలియం హార్వే యను వైద్యుని సలహాపై (రక్తప్రసరణమును కనుగొన్న హార్వే వేఱు) రొట్టె, పంచదార, బీరు, ఉర్లగడ్డలు మొదలైనవి తగ్గించి యేడాదిలో 46 పౌనులు తగ్గెను. 1863లో నాయన వేసిన చిన్న పుస్తక మెంత వ్యాపించెననగా ఇంగ్లీషులో నాయన పేరే క్రియాపదమయ్యెను. ఇరువురును కలవారు, తమ కంచమును తాము పరీక్షించుకొనుటకు తీరిక గలవారు.

స్త్రీల కొఱకై లెక్క వచ్చుటకు కేలరీ రావలసి వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దపు తుదిని అమెరికాలో ఆట్వాటరు పండితుడు మనుజుని గదిలో నుంచి, వాని దేహమునుండి వెలువడు వేడిని కొలిచి, ఆహారశక్తికి లెక్కలు కట్టెను. 1918లో లూలూ హంట్ పీటర్సను వైద్యురా లా లెక్కను వంటయింటికి తెచ్చెను. రొట్టెముక్క యనవలదు, 100 కేలరీల రొట్టె యనుడు అని యామె బోధ. బరువు తగ్గగోరువారికి దినమునకు 1200 కేలరీలని విధించెను. ఆ పుస్తకము లక్షలకొలది యమ్ముడుపోయెను. తరువాత 1944–45లో మినెసోటాలో 36 గురు యువకులకు, 24 వారములు, దినమునకు సుమారు 1570 కేలరీలు పెట్టి పరీక్షింపగా, వారు కృశించుటయే కాక రేయుంబవళ్లు తిండిని గూర్చియే తలపోయుచు, వంటపుస్తకములు చదువసాగిరి. దీనిని ఆకలిబాధయొక్క పరీక్ష యనిరి. అంతకంటె తక్కువ యన్నమును స్త్రీకి విధించినపుడు దానిని ఆత్మనిగ్రహ మనిరి!

ఇక దేహమును నమ్ముమను పక్షమునకు మూలబలముగా చూపబడునది క్లారా డేవిస్ అను అమెరికా శిశువైద్యురాలి ప్రయోగము. ఇది వివరముగా చెప్పదగినది. 1928లో తొలి ఫలితములు, 1939లో 15 గురు శిశువుల సమగ్ర వృత్తాంతము వెలువడెను. పాలు మఱపించిన బిడ్డల యెదుట పళ్లెము పెట్టెడివారు. అందు పాలు, గ్రుడ్లు, మాంసము, ధాన్యములు, పండ్లు, కూరలు వేఱువేఱు గిన్నెలలో నుండెడివి. ప్రక్కన దాది చెంచాతో కూర్చుండును. బిడ్డ చూపిన దానినే యందించును. తినుమని బ్రతిమాలదు, వలదని వారింపదు. ఒక్కొక్క బిడ్డ యొక్కొక్క విచిత్రపు భోజనము చేసినను అందఱును పుష్టిగా పెరిగిరి. ఎముకల మెత్తదన మను వ్యాధితో వచ్చిన బిడ్డ పళ్లెములో కాడ్‌చేప నూనె నుంచగా, నయమగువఱకు త్రాగి పిదప ముట్టడాయెనట.

చూడుడు, దేహమున కెంత వివేకమో యని చాలమంది యిచ్చట నాగుదురు. డేవిస్ మాత్ర మాగలేదు. కిటుకంతయు తాము కూర్చిన జాబితాలోనే యున్నదని యామె స్పష్టముగా చెప్పెను. పళ్లెములో పంచదార లేదు, మిఠాయి లేదు, మిల్లు పిండి లేదు. ఏది పెట్టవలెనో పెద్దలు నిర్ణయించిరి. ఎంత తినవలెనో బిడ్డ నిర్ణయించెను. కట్టుబాటు పళ్లెమునకు, స్వేచ్ఛ ఆకలికి. 1995లో ఈవ్లిన్ ట్రిబోలే, ఎలీస్ రెష్ అను ఆహారశాస్త్రజ్ఞురాండ్రు ఆకలి మాట విని తినుటను గూర్చి పుస్తకము వ్రాసినపుడు దేహముపై విశ్వాసము మరల లోకమున వ్యాపించెను. కాని పళ్లెము కూర్చినవా రెవరను ప్రశ్న వెనుకబడినది.

మా వాద మంతయు నీ ప్రశ్న మీదనే. శిశువునకు దాది కలదు. తల్లికెవరు? ఆమె పళ్లెమును కూర్చువారు లేరు. పిల్లలు విడిచిన యిడ్లీముక్క, అడుగున మిగిలిన చారు, పారవేయుటకు మనసొప్పని నిన్నటి యన్నము: ఇది యాకలి కాదు, నిగ్రహము కాదు, మిగులు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15–49 యేండ్ల స్త్రీలలో నూటికి 57 గురు రక్తహీనులుగను, నూటికి 24 గురు అధిక బరువు గలవారుగను తేలిరి. మిగులు తిండి రెంటికిని తోడ్పడగలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కలో కూర్చుండి పనిచేయు స్త్రీకి దినమునకు 1660 కేలరీలు. పాలిచ్చు తల్లికి తొలి యాఱు నెలలు మఱి 600 అధికము. ఈ యాఱువందలు గిన్నె యడుగున దొరకునవి కావు.

కావున మధుమేహము మొదలగు వ్యాధులందు వైద్యుడు చెప్పిన కొలతను తప్పక పాటింపవలెను గాని, ఆరోగ్యవతి యగు తల్లికి తక్కెడ యక్కఱలేదు. ఆమెకు కావలసిన కట్టుబాటు వేఱు: ఆమె కంచ మొక నియమిత కాలమున, పప్పు, ఆకుకూర, పెరుగులతో, అందఱి కంచములతోపాటు పెట్టబడుట. తక్కినది యాకలికి విడువవచ్చును.

ఇది యాచారవిరుద్ధమందురా? మనుస్మృతి మూడవ యధ్యాయమున, గర్భిణులకును, క్రొత్త కోడండ్రకును, రోగులకును అతిథులకంటె ముందే, ఆలోచింపక, అన్నము పెట్టుమని యున్నది. అందఱును తిన్న పిమ్మట శేషమును తినవలసినవారెవరని చెప్పు శ్లోకమున నున్నది దంపతీ యను ద్వివచనము. అనగా భార్యాభర్త లిరువురును. తరువాతి కాలమున భర్త మెల్లగా మొదటి పంక్తిలోనికి జరిగెను. శేషము మాత్ర మేకవచనమై నిలిచెను. వ్యాకరణము చెప్పుకొని బ్రతుకుచున్న మా యింటను ఈ ద్వివచనము ఆదివారములకే చెల్లుచున్నది. తక్కిన యాఱు దినములును బడిగంట నెపమున మేమే ముందు కూర్చుండుచున్నాము.