ఆటబొమ్మల రాకపోకలు



గత సంవత్సరము దసరాకు ముందు మా యింటి గోడలకు వెల్ల వేయించుటకై సామానంతయు వెలుపల పెట్టించితిమి. అప్పుడు మా మనుమని బొమ్మలన్నియు వసారాలో ఒక రాశిగా పడినవి. వానికి 7 ఏండ్లు. నేను బడిలో తెలుగు పండితుడనే గాని లెక్కలు చెప్పినవాడను గాను. అయినను హాజరుపట్టీ పిలిచిన అలవాటు పోనందున ఒక్కొక్కటిగా తీసి లెక్కించితిని. మొత్తము 143. అందు చక్రములు లేని కార్లే 31. మా కోడలు మూడు గోనెసంచులు తెచ్చి, “మామయ్యా, వాడు బడినుండి వచ్చులోపల సగము పంపివేయుదము. వచ్చెనా, ఒక్కదానినైనను కదలనీయడు” అనినది.

ఆ మాట సమంజసముగనే తోచినది. కాని నా చేయి సంచి మూతికడ ఆగినది. ఎందుకాగినదో చెప్పుటకు ముందు, మన యిండ్లకు బొమ్మలెట్లు వచ్చుచుండెనో, ఎట్లు పోవుచుండెనో కొంత మనవి చేయవలసియున్నది.

మానవుడు పిల్లలకు బొమ్మలు చేసి యిచ్చుట నిన్న మొన్నటి మాట కాదు. సింధునదీ ప్రాంతమున మొహెంజొదారో, హరప్పా మొదలగు చోట్ల సుమారు 4,500 ఏండ్ల నాటి మట్టి బండ్లు, మట్టి యీలలు త్రవ్వకములలో దొరకినవి. అంత దూరము పోనక్కరలేదు. ఒకప్పటి మెదకు జిల్లాలోనిదియు, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోనిదియు నగు కొండాపురమున 1940 మొదలు హైదరాబాదు సంస్థాన పురావస్తు శాఖవారు త్రవ్వించిరి. అది శాతవాహనుల నాటి పట్టణము. అందు నాణెములతోను పూసలతోను పాటు తెల్లమట్టితో చేసి కాల్చిన బొమ్మలు బయటపడినవి. రెండు అచ్చులలో చెరిసగము ఒత్తి, అతికి, లోపల డొల్లగా చేసినవి కొన్ని. వానిలో నేవి పూజకో, ఏవి ఆటకో తేల్చిచెప్పుట కష్టమే. మా వైపు పిల్లలును పూజ ముగిసిన మట్టి వినాయకుని యెలుకను ఆటకు తీసికొనువారే గదా.

సంస్కృత వాఙ్మయమున ఒక ఆటబొమ్మ పేరు పెట్టుకొన్న మహానాటకము కలదు. శూద్రకుని ‘మృచ్ఛకటికము’. మృత్ అనగా మట్టి, శకటిక యనగా చిన్న బండి. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగువాని బంగారు బండితో ఆడుకొనెను. వారు దానిని తిరిగి తీసికొనిపోయిరి. దాసి రదనిక మట్టిబండి చేసి యిచ్చినను బాలుడు ఏడ్పు మానలేదు. అది చూచి కరగిన వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండి నిండ పోసి, వీనితో బంగారు బండి చేయించుకొమ్మనెను. ఆ నగలే పిదప న్యాయస్థానమున బయటపడి చారుదత్తునిపై సాక్ష్యమైనవి. ఈ ఆరవ యంకమును నేను విద్యార్థిగ చదివినప్పుడు వసంతసేన యౌదార్యమునే మెచ్చుకొంటిని. ఇప్పుడు నాకు వేరొకటి కన్పట్టుచున్నది. ఆ పిల్లవాని బొమ్మ విరిగిపోలేదు. వాని చేతిలోనుండి పెద్దలు తీసికొనిపోయిరి. ఏడ్పు దానికి.

నా బాల్యమున, అనగా 1965 ప్రాంతమున, శివగంగ రాజరాజేశ్వరుడు వెలసిన మా మహేశ్వరమున బొమ్మ కొనుట సంవత్సరమునకొక మారు, శివరాత్రి జాతరలోనే. తక్కినవి మేమే చేసికొనెడివారము. చెరువు మట్టితో ఎద్దులు, ముంజకాయలు తిన్న పిదప వాని బుఱ్ఱలతో బండ్లు, జొన్నచొప్ప బెండుతో కాడి, నొగలు, చక్రములు. వడ్రంగి చెక్కిన బొంగరమొక్కటి రెండు మూడేండ్లు నిలుచునది. ఆడపిల్లలు గుజ్జనగూళ్ళు వండుకొను పిడతలు కుమ్మరి తన ఆవములో ఒక మూల కాల్చి యిచ్చెడివాడు. వీనిని ఏరి పారవేయవలసిన పని ఏ తల్లికిని లేకుండెను. ఎద్దును వాన కరగించును, బండిని మేక నమలును, పిడత పగిలి పెంటకుప్పకు చేరి మరుసటి యేడు చేనిలోనికి పోవును. బొమ్మ వచ్చిన మన్నే బొమ్మ పోవు చోటు.

నిలిచియుండు బొమ్మలు లేకపోలేదు. నిర్మలలోను కొండపల్లిలోను తేలికయైన పొనికి కఱ్ఱతో బొమ్మలు చేయుదురు. కొండపల్లివారు అంగములను వేర్వేరుగా చెక్కి, చింతగింజల జిగురును రంపపు పొట్టును కలిపిన ముద్దతో అతికి, సున్నము పూసి, రంగులు వేయుదురు. వరాహ నదీ తీరమున ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిణెపై త్రిప్పి లక్క పట్టింతురు. లక్కపిడతలను మాట అట్టి పనినుండి వచ్చినదే. ఇవి తరతరములు నిలుచును. అందుచేతనే కాబోలు, మనవారు వీనికొక యేర్పాటు చేసిరి. కోస్తా జిల్లాలలో సంక్రాంతికిని, మరికొందరి యిండ్లలో దసరాకును బొమ్మల కొలువు తీర్తురు. ఆ దినములలో పెట్టెనుండి బొమ్మలు వెలికి వచ్చును. తుడుచుట, విరిగినవానిని వేరుచేయుట, మెట్లమీద పేర్చుట, పేరంటాండ్రకు చూపుట, పండుగ ముగియగానే పాతబట్టలలో చుట్టి తిరిగి పెట్టెలో పెట్టుట జరుగును. ఏటేట ఒక కొత్త బొమ్మ చేర్చు ఆచారము కలదు. ఒకటి, అంతే. పిల్లలే పేర్చుదురు గనుక ఏది పోయెనో, ఏది విరిగెనో వారికే మొదట తెలియును.

ఈ కట్టుబాటు ప్లాస్టిక్కుతో సడలినది. 1907లో అమెరికాలో బేక్‌లాండు అను రసాయనజ్ఞుడు బేకలైటును సాధించెను. 1933లో ఇంగ్లండున పాలిథీను కనుగొనబడెను. పిదప చౌకగా, రంగురంగులుగా, లక్షలకొలది బొమ్మలు అచ్చునుండి రాజొచ్చెను. మా యూరికి వాని ప్రవాహము ఆలస్యముగ వచ్చినది. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరచిన పిమ్మట శ్రీశైలము బాట పొడవునను భూముల ధర పెరిగినది, చేలు ప్లాట్లైనవి, చేతిలో డబ్బాడినది. జాతర యేడాదికొకటే, దుకాణము ప్రతిదినము తెరచియుండును. 2021 జనవరి 1 నుండి బొమ్మలపై ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి యైనది. మంచి నియమమే. కాని అది వచ్చు ద్వారమును కాయును. పోవు ద్వారమును ఇంటివారే తెరవవలెను.

ఇతర దేశములవారును ఇట్టి దారులు వెదకిరి. 1935లో, ఆర్థికమాంద్యపు దినములలో, అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతమున పుస్తకములవలె బొమ్మలను ఎరువిచ్చు భాండారము మొదలైనది. ఆడుకొని తిరిగి యిచ్చివేయుటే పద్ధతి. అక్కడ మొదటినుండియు ఇది తనది కాదని పిల్లవానికి తెలియును. ఇది గొప్ప సౌకర్యము.

ఇక నా చేయి ఎందుకాగినదో చెప్పెదను. సుమారు ముప్పదియేండ్ల క్రిందట ఇట్లే వెల్ల వేయించునప్పుడు, మా కుమారుడు వారము దినములు కూర్చుండి చేసికొన్న జొన్నబెండ్ల బండిని నేను చెత్తతోపాటు ఊడ్పించితిని. ఇరుసు తిరుగునట్లు చేసినాడట, నేను చూడనేలేదు. వాడు బడినుండి వచ్చి వెదకెను. “చొప్పకేమి కొదువ, మరియొకటి చేసికొమ్ము” అంటిని. ఆ రాత్రి అన్నము ముట్టలేదు. మరల ఎన్నడును బెండ్లు ముట్టలేదు. ఇప్పుడు వాడు పట్టణమునుండి వచ్చినప్పుడెల్ల కొడుకునకొక కారు తెచ్చుచున్నాడు. కోడలు విసుగుకొనును. నేనేమియు ననను.

కావున ఆ దినమున సంచులు ప్రక్కన పెట్టించితిని. సాయంకాలము మనుమని పిలిచి, “నాయనా, నీకు కావలసినవి ఒక కుప్ప, ఇతరులకిచ్చునవి ఒక కుప్ప, విరిగినవి ఒక కుప్ప. నీవే చేయుము” అంటిని. దీపాలవేళ దాటువరకు చేసెను. తనకు 27 ఉంచుకొనెను. వానిలో రెక్క విరిగిన విమానమొకటి కలదు. ఏల యని నేనడుగలేదు. 60 అంగన్‌వాడీకి పంపితిమి. చిన్నపిల్లలు మ్రింగుదురని సన్నని ముక్కలున్నవి 9 అక్కడి టీచరు తిప్పి పంపినది. తెలివైన పని, మాకు తోచలేదు.

మిగిలినవి 56, అన్నియు విరిగినవే. బ్యాటరీలు తీసి వేరు పెట్టితిమి. పాత సామాను కొనువాడు సంచి విప్పి చూచి, తీగెలు, స్ప్రింగులు, పలురకముల ప్లాస్టిక్కు కలిసిపోయినవి, ఏరినను కూలి గిట్టదని విడిచిపోయెను. ఆ సంచి నేటికిని మా పెరటిలో వేపచెట్టు క్రింద నున్నది. ఒక వానకాలము దానిపై గడచినది. గోనె చివికినది, లోపలి ఎఱ్ఱ లారీ రంగైనను మాయలేదు.