జీతమెంత? చేతికెంత?



మన పల్లెలలో పిల్లవానికి సర్కారు నౌకరి దొరకెనన్న వార్త వచ్చుటయే తడవుగా, పదిమందియు అడుగు ప్రశ్న యొకటి కలదు: 'జీతమెంత?' పిల్లవాడు చెప్పిన సంఖ్య యొకటి, నెల మొదట ఇంటికి వచ్చు సొమ్ము వేరొకటి. ఈ రెంటి నడుమ నున్న అంతరమును తెలియక తండ్రి కొడుకును శంకించుటయు, కోడలి పుట్టినింటివారు అల్లుని తప్పు పట్టుటయు, పెద్ద సంఖ్యను నమ్మి అప్పు చేసిన కుటుంబము వాయిదాలు చెల్లింపలేక నలుగుటయు వేల్పూరులో ఉపాధ్యాయ వృత్తి నెరపిన కాలమున నేను పలుమారులు చూచితిని. కావున జీతమనునది ఎట్లు పుట్టినది, అందుండి పన్ను ఎట్లు విడివడినది, చేతికి వచ్చునది ఏ లెక్కను వచ్చుచున్నది అను మూడు సంగతులను నేడు విన్నవించెదను.

జీతము మన దేశమునకు క్రొత్త గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజసేవకుల వేతనముల పట్టిక యొకటి కలదు. మంత్రి, పురోహితుడు, సేనాపతి మొదలగువారికి సాలుకు 48,000 పణములు. అట్టడుగు పనివానికి 60 పణములు. బొక్కసమున రొక్కము చాలనిచో పశువులను, పొలములను ఇచ్చి, కొద్దిపాటి ధనము చేర్చి సరిపెట్టవచ్చునని కూడ ఆయన విధించెను. అనగా వేతనము నిర్ణయించుట ఒక యెత్తు, దానిని సకాలమున చెల్లించుట మరియొక యెత్తు అని ఆ ప్రాచీనునికే తెలియును.

ఈ సత్యమును మన హైదరాబాదు రాజ్యము కష్టము మీద నేర్చుకొనినది. పూర్వము జిల్లాల శిస్తు వసూలును ఇజారాకు ఇచ్చుచుండిరి. ఇజారాదారు రైతునుండి రాబట్టినదానిలో తన పాలు మినహాయించుకొని మిగిలినది ఖజానాకు పంపును. సిపాయికి రొక్కము లేనప్పుడు ఫలానా తాలూకా శిస్తునుండి రాబట్టుకొమ్మని చీటి వ్రాసి యిచ్చుచుండిరి. ఆ చీటికే ఫారసీలో 'తన్‌ఖ్వా' యని పేరు. ఆ మాట ఉర్దూలో జీతమను అర్థమున నిలిచినది; తెలుగునకు వచ్చి 'తనఖా' యై కుదువ అను అర్థము నొందినది. జీతమును కుదువయు ఒకే మాటనుండి పుట్టుట వింతగా తోచును గాని, ఆనాటి పద్ధతి తెలిసినవారికి వింత గాదు. సిపాయి కడుపు నిండుటకు ఊరి శిస్తు కుదువ పడుచుండెను.

ఆ పద్ధతి ఫలము రాజ్యమునకే తగిలినది. ఇంగ్లీషు కంపెనీవారి అధీనమున నడచిన హైదరాబాదు కంటింజెంటు సైన్యపు జీతముల బాకీ ఏటేట పెరిగి, తుదకు 1853వ సంవత్సరము మే నెలలో బీరారు మొదలైన ప్రాంతములను కంపెనీ వశము చేయవలసి వచ్చెను. జీతము చెల్లింపలేక దేశమును కోల్పోయిన కథ యిది. ఆ నెలాఖరుననే దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగు ఈ గుణపాఠమును మరువలేదు. ఆయన క్రమముగా ఇజారాలను తొలగించి, ఖజానానుండి నెలజీతము పొందు తాలూక్‌దారులను నియమించెను. 1865లో జిలాబంది జరిగి రాజ్యము జిల్లాలుగా ఏర్పడినది. అప్పటినుండి ఉద్యోగి రైతు చేతినుండి గాక సర్కారు చేతినుండి జీతము తీసుకొనుట రివాజైనది. ఇది చిన్న మార్పు గాదు. తన జీతము తానే వసూలు చేసుకొను ఉద్యోగి ప్రజకు యజమాని యగును. ఖజానానుండి తీసుకొనువాడు ప్రజకు సేవకుడగును.

ఇక ఆదాయపు పన్ను సంగతి. 1857 తిరుగుబాటు వలన బ్రిటిషు ప్రభుత్వమునకు కలిగిన అప్పు తీర్చుటకై జేమ్స్ విల్సన్ అను ఆర్థిక సభ్యుడు 1860లో ఈ పన్నును మన దేశమున ప్రవేశపెట్టెను. అప్పుడే జీతములకు, పింఛనులకు ప్రత్యేకముగా ఒక పట్టిక ఏర్పడినది. సాలుకు 200 రూపాయలు మొదలుకొని 500 లోపు ఆదాయమునకు నూటికి రెండు, ఆపైన నూటికి నాలుగు చొప్పున విధించిరి. మదరాసు గవర్నరు ట్రెవెల్యన్ దీనిని బహిరంగముగా వ్యతిరేకించి పదవినే పోగొట్టుకొనెను. ఆ చట్టము 1865లో ముగిసినది. పన్ను స్థిరపడినది 1886 నాటి చట్టముతో. వ్యవసాయాదాయమును మినహాయించుటయు, సర్కారు ఉద్యోగి జీతమునుండి చెల్లింపు వేళనే పన్ను పట్టుకొనుటయు ఆ చట్టమున కలవు. ఈ రెండు నియమములును నేటికిని మన జీవనమును నడుపుచున్నవి.

నైజాము రాజ్యమున మాత్రము చాలకాలము ఈ పన్ను లేదు. 1931లో నిజాంసాగరు పూర్తియై మంజీర నీరు బోధను భూములకు పారినది, చెరకు పెరిగినది, 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆనాటి కార్మికుడు హాలీ సిక్కాలలో జీతము లెక్కపెట్టుకొనెను. ఏడు హాలీ రూపాయలు ఇంచుమించు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానము. కాన రాజ్యపు ఎల్ల దాటిన జీతము విలువ తగ్గును. సంఖ్య వేరు, విలువ వేరు అని మన పెద్దలకు అట్లు అనుభవమున తెలిసినది. ఈ రాజ్యమునకు ఆదాయపు పన్ను చట్టము 1357 ఫసలీలో, అనగా 1947-48 ప్రాంతమున ఏర్పడినది. 1950 ఏప్రిలు 1వ తేదినుండి భారత ప్రభుత్వపు 1922 నాటి చట్టమే ఇక్కడికి విస్తరించినది. దాని స్థానమున 1961 చట్టము వచ్చి దీర్ఘకాలము నడచినది.

ఇచ్చట ఒక అపోహ తొలగింపవలసి యున్నది. జీతము కొంచెము పెరిగి మెట్టు దాటినచో మొత్తము జీతము మీద హెచ్చు పన్ను పడునని అనేకులు భయపడుదురు. 1939కి పూర్వము ఈ భయము నిజమే. అప్పటి మెట్ల పద్ధతిలో హెచ్చు రేటు ఆదాయమంతటికిని వర్తించెడిది. 1939నుండి వచ్చినది అంతస్తుల పద్ధతి. ఏ అంతస్తులో ఎంత సొమ్ము పడునో అంతకే ఆ రేటు. వరికి నీరు మడి నిండిన పిదపనే తరువాతి మడికి పారునట్లు దీనిని భావింపుడు.

ఒక ఉదాహరణము వేయుదము. 2025-26 ఆర్థిక సంవత్సరమున క్రొత్త పద్ధతి నెన్నుకొనిన ఒక ఉద్యోగికి మూలవేతనము, కరవు భత్యము కలిసి నెలకు లక్ష రూపాయలు. ఇంటి అద్దె మొదలగు భత్యములు 20,000. సాలుకు 14,40,000. అందు ప్రామాణిక మినహాయింపు 75,000 పోగా 13,65,000 మిగులును. మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. తరువాతి నాలుగు లక్షలకు నూటికి ఐదు చొప్పున 20,000. ఆపై నాలుగు లక్షలకు నూటికి పది చొప్పున 40,000. మిగిలిన 1,65,000కు నూటికి పదునైదు చొప్పున 24,750. మొత్తము 84,750. దానిపై నూటికి నాలుగు వంతుల సెస్సు 3,390. అంతయు 88,140, నెలకు 7,345. ఈ పన్నుగాక వృత్తిపన్ను నెలకు 200. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవాడై అంశదాయ పింఛను పథకమున ఉన్నచో మూలవేతన, కరవు భత్యములపై నూటికి పది, అనగా 10,000. ఇవన్నియు పోగా చేతికి వచ్చునది 1,02,455. పిల్లవాడు చెప్పినది లక్షయిరువది వేలు. తెచ్చినది లక్షరెండువేల చిల్లర. ఇందు మోసమేమియు లేదు. అదే సంవత్సరమున మినహాయింపు పోను పండ్రెండు లక్షలకు మించని జీతము గలవారికి రాయితీ వలన ఆదాయపు పన్నే పడలేదు.

మరి మనవంటి సేద్యగాండ్ర మాట? చెరకు అమ్మిన సొమ్మునకు, పసుపును ఉడికించి యెండబెట్టి అమ్మిన సొమ్మునకు ఆదాయపు పన్ను లేదు. పంటను అంగడికి తగినట్లు చేయు మామూలు పని సేద్యములోనిదే యని చట్టము ఒప్పినది. అయితే 1973నుండి, జీతము వంటి ఇతర ఆదాయము కూడ గలవానికి రేటు నిర్ణయించునప్పుడు సేద్యపు రాబడిని లెక్కలో కలుపు ఏర్పాటు వచ్చినది. కాన పొలము తన పేర నున్న ఉద్యోగి ఆ సంగతి దాచరాదు.

కోత యన్నంతనే నష్టమని తలపవలదు. బోధను కర్మాగారమునే చూడుడు. అది చిరకాలము ప్రభుత్వ సంస్థగా నడచి, 2002లో సగమునకు మించిన వాటా ప్రైవేటువారికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. మిల్లు ఆగిన దినమున జీతము ఆగును. కాని 1952 చట్టము ననుసరించి ఏర్పడిన భవిష్యనిధిలో నెలనెల జమయైన సొమ్ము కార్మికుని పేరనే నిలుచును. పన్ను తిరిగి రాదు. నిధికి పోయినది తిరిగి వచ్చును. ఈ భేదము తెలిసినవాడే జీతపు చీటి చదువ నేర్చినవాడు.

కావున పెద్దలకు నా మనవి. పిల్లవానిని 'జీతమెంత' యని గాక 'చీటి చూపుము' అని అడుగుడు. అందు మూడు వరుసలు చదువుడు: రావలసినది, కోసినది, చేతికి వచ్చినది. కోసిన వరుసలో పన్ను ఎంత, నిధి ఎంత, అప్పు వాయిదా ఎంత యని వేరుచేయుడు. నిధి సొమ్ము నిజముగా జమయైనదా యని ఏడాదికొక్క తూరియైన విచారింపుడు. పెండ్లి మాటలును, ఇంటి అప్పులును మూడవ వరుసను బట్టి కుదుర్చుకొనుడు. అట్లు చేసినచో ఇంట అనుమానమునకు తావుండదు.