టీకా సీసా తెరిస్తే.. లెక్క మొదలు

హుజూర్‌నగర్: బుధ, శనివారాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి ఉపకేంద్రాలకు, తండాలకు టీకాల పెట్టెలు బయలుదేరతాయి. ఎన్ని సీసాలు వెళ్లాయి, ఎన్ని తెరిచారు, ఎందరు పిల్లలకు వేశారు, ఎన్ని తిరిగి వచ్చాయన్న నాలుగు అంకెలు సాయంత్రానికి నిల్వల రిజిస్టరులో సరిపోవాలి.

ఏది వృథా?

పది మోతాదుల బీసీజీ సీసా తెరిచి ఆరుగురికి వేస్తే వృథా 40 శాతం. బీసీజీ, తట్టు-రుబెల్లా టీకాలను ద్రావణం కలిపిన నాలుగు గంటల తరువాత పారవేయాల్సిందే. పెంటావాలెంట్, పోలియో చుక్కల వంటివి అలా కాదు. తెరిచిన తేదీ, వేళ రాసి సరైన చలిలో ఉంచితే 28 రోజుల వరకు వాడవచ్చు. సీసాపై ఉండే గుర్తులో లోపలి చదరం చుట్టూ ఉన్న వలయం రంగుకు చేరితే మాత్రం, గడువు మిగిలి ఉన్నా అది పనికిరాదు.

చిక్కంతా మొదటి రకంతోనే. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు మొదలైతే మఠంపల్లి, మేళ్లచెర్వు వైపు తల్లులు పొలాల్లోనే ఉంటారు. వచ్చింది ఒక్క బిడ్డే అయితే, వృథా శాతానికి జంకి ‘వచ్చే వారం రండి’ అని పంపినచోట కాగితంపై లెక్క చక్కగానే కుదురుతుంది. తట్టు టీకా మాత్రం తప్పుతుంది. కూలి మానుకొని వచ్చిన తల్లి మళ్లీ వస్తుందన్న భరోసా ఏదీ? వృథా తక్కువ చూపిన కేంద్రాన్ని మెచ్చుకునే ముందు మిగిలిపోయిన పిల్లలెందరో అడగాలి.

ఫోన్‌లో పద్దు

కేంద్ర ఆరోగ్యశాఖ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 2015లో ‘ఈ-విన్’ విధానం ప్రారంభించింది. తరువాతి ఏళ్లలో అది తెలంగాణకూ విస్తరించింది. ఇందులో నిల్వలను ఫోన్‌లో నమోదు చేస్తారు. రిఫ్రిజిరేటర్ 2-8 డిగ్రీల హద్దు దాటితే సిబ్బందికి సందేశం అందుతుంది.

ప్రైవేటు పిల్లల వైద్యులు పంపిణీదారుల వద్ద కొని వేసే టీకాలు ఈ పద్దులోకి రావు. 2021లో కొవిడ్ టీకాల సమయంలో ప్రభుత్వ, ప్రైవేటు కేంద్రాల్లో వేసిన మోతాదులు రెండూ ‘కోవిన్’లో నమోదయ్యాయి. ఆ ఏడాది జూన్ 21 నుంచి ఉత్పత్తిలో 25 శాతం ప్రైవేటు ఆసుపత్రులకు కేటాయించి, సేవా రుసుము రూ.150 మించరాదని నిర్ణయించారు. పసిపిల్లల టీకాలకు అటువంటి కట్టుదిట్టం లేదు. ప్రైవేటులో వేయించిన టీకా పేరు, తేదీ, బ్యాచ్ సంఖ్య కార్డుపై రాయించుకుంటేనే, బిడ్డకు ఇంకా ఏ మోతాదు మిగిలిందో ఏఎన్‌ఎంకు తెలుస్తుంది.