రాణీగంజ్‌లో అద్దాల సామాన్ల దుకాణం

మా రాణీగంజ్‌లో కిటికీ అద్దాలు తుడిచే పనిముట్లు అమ్మే దుకాణం మూతపడింది. ఏ పత్రికా రాయలేదు. సికింద్రాబాద్ చరిత్ర రాసేవాళ్లు కూడా ఇలాంటివి పట్టించుకోరు. 1897 నాటి గడియార స్తంభం గురించి, జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ గురించి, కంటోన్మెంట్ బంగళాల గురించి రాస్తారు. వాటి చుట్టూ బతికిన బజారుకు ఒక్క వాక్యం దక్కితే గొప్ప. నేను పుట్టి పెరిగింది ఈ గల్లీల్లోనే. ఆ దుకాణం పోయాక ఎవరి చేతికి దెబ్బ తగిలిందో చూశాను. అందుకే దాని కథ రాసి పెడుతున్నాను.

ముందు బజారు సంగతి. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైనిక ఒప్పందం చేసుకున్నాక, కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. 1806లో ఆ చోటుకు అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. పటాలం దిగిన చోట బజారు పుడుతుంది. గుర్రానికి జీను, గుడారానికి తాడు, బండికి ఇరుసు, లాంతరుకు చిమ్నీ ఎవరో ఒకరు తెచ్చి అమ్మాలి కదా. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చాక బొంబాయి సరుకు నేరుగా ఇక్కడే దిగడం మొదలైంది. ఇటు చెరువు, అటు రైలు పట్టాలు, మధ్యలో రాణీగంజ్. గుజరాతీ, మార్వాడీ, బోహ్రా కుటుంబాలు ఇనుప సామాను, తాళ్లు, పైపులు, మోటార్ల వ్యాపారంలో స్థిరపడ్డాయి. జేమ్స్ స్ట్రీట్ ఎంజీ రోడ్డయింది, కింగ్స్‌వే ఆర్పీ రోడ్డయింది. 1960లో సికింద్రాబాద్ మున్సిపాలిటీ హైదరాబాద్‌లో కలిసిపోయింది. బజారు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ దశకంలోనే రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ వైపు ఐడీపీఎల్, కుషాయిగూడ దగ్గర ఈసీఐఎల్ లేచాయి. వాటి కొనుగోలు విభాగాల వాళ్లు చీటీలు పట్టుకుని మా గల్లీల్లో తిరిగేవారు.

అయితే నా లెక్కలో రాణీగంజ్ గొప్పతనం పెద్ద ఆర్డర్లలో లేదు, విడిగా అమ్మడంలో ఉంది. ఒక్క బోల్టు కావాలంటే ఒక్క బోల్టే ఇస్తారు. బెల్టు కోసి ఇస్తారు, పైపు అడుగుల లెక్కన ఇస్తారు, గొలుసుకు రెండు కొక్కేలు తగిలించి ఇస్తారు. చేతిలో రెండు వందలున్న మెకానిక్ కూడా ఇక్కడ కొనుగోలుదారే.

మూతపడిన దుకాణం మా నాన్నగారి రోజుల్లో తాళ్లు, బకెట్లు, సున్నం బ్రష్షులు అమ్మేది. అప్పట్లో అద్దాలు తుడవడానికి ప్రత్యేకంగా పనిముట్టంటూ అవసరం లేదు. మన ఇళ్లకు చెక్క తలుపుల కిటికీలు, మహా అయితే పుట్టీతో బిగించిన చిన్న చిన్న అద్దాలు. తడిపిన పాత పేపరుతో రుద్దితే సరిపోయేది, మొండి మరకైతే కాస్త సుద్దపొడి. గాజు తయారీ మారాక ఊళ్లూ మారాయి. కరిగిన తగరం మీద గాజును తేల్చి పలకలు చేసే పద్ధతిని ఇంగ్లండులోని పిల్కింగ్టన్ కంపెనీ 1959లో లోకానికి చాటింది. ఆ రకం గాజు మన దేశంలో భారీగా తయారవడం 1990ల నుంచే. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబైన్ కర్మాగారం 2000లో మొదలైంది. దానికి రెండేళ్ల ముందే, 1998 నవంబరులో, మాదాపూర్‌లో పది అంతస్తుల సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత పంజాగుట్ట షోరూముల నుంచి గచ్చిబౌలి ఆఫీసుల దాకా గోడ కట్టాల్సిన చోటల్లా గాజు నిలబెట్టారు. పక్కనే బండలు పేల్చి కొత్త భవనాలకు పునాదులు తవ్వుతుంటే, ఆ దుమ్మంతా నిన్న కట్టిన అద్దాల మీద పడేది. తుడిచేవాళ్లకు పని దొరికింది. వాళ్లకు సామాను కావలసి వచ్చింది. తాళ్ల దుకాణం అద్దాల సామాన్ల దుకాణమయింది.

గల్లా పైన గాజు పెట్టెలో ఒక ఇత్తడి వైపర్ ఉండేది. అమ్మకానికి కాదు. ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన ఎట్టోరే స్టెకోన్ అనే అద్దాలు తుడిచే పనివాడు 1936లో పేటెంటు పొందిన నమూనా అది. అంతకుముందు వాడే ఉక్కు వైపర్లు బరువు. రబ్బరు మార్చాలంటే డజను స్క్రూలు విప్పాలి. తన చేతి నొప్పి తనకు తెలిసినవాడు కాబట్టి తేలికైన ఇత్తడి పట్టీలో ఒకే రబ్బరు బిగించాడు. ఈ కథ దుకాణం యజమాని సేఠ్ ప్రతి కొత్త కుర్రాడికీ చెప్పేవారు.

రబ్బరు కోయడం చూడాలి ఆయన దగ్గర. పది, పన్నెండు, పధ్నాలుగు, పద్దెనిమిది అంగుళాల పట్టీలు వరసగా వేలాడుతుండేవి. "సేఠ్, పధ్నాలుగుకు రబ్బరొకటి కోసియ్యి" అని ఎవరైనా అడిగితే, ముందు వాళ్ల పాత రబ్బరు చూపించమనేవారు. అంచు మీద బొటనవేలి గోరు నిలువునా లాగి, "ఈ పక్కే అరిగింది. తిప్పి వెయ్, ఇంకో నెల వస్తది" అని వెనక్కి ఇచ్చిన సందర్భాలు కొల్లలు. నిజంగానే కొత్తది కావాలంటే చుట్ట లోంచి లాగి, పట్టీకి రెండు కొసలా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండేలా ఒక్క వేటుకు కోసేవారు. అంతకంటే పొట్టిగా ఉంటే పట్టీ లోహం గాజుకు తగిలి గీత పడుతుంది. మరీ పొడుగైతే కొస మడత పడి నీటి చార మిగులుతుంది.

నీళ్ల గురించి ఆయనకున్న పట్టుదల ఇంకా ఎక్కువ. మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. వాటితో కడిగి ఎండలో వదిలేస్తే నీరు ఆరి, సున్నపు మచ్చలు అద్దానికి పట్టుకుంటాయి. ఆ మచ్చలు పోవాలని బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే అల్యూమినియం ఫ్రేమ్ పాడైపోతుంది, పోసినవాడి ఊపిరికి కూడా ముప్పు. కౌంటర్ మీద పెన్ను లాంటి టీడీఎస్ మీటరొకటి ఉండేది. తుడిచేవాళ్లు తాము వాడే నీళ్లు సీసాలో తెస్తే అందులో ముంచి అంకె చూపించి, మంజీరా నీళ్లు వాడాలో, వడపోత డబ్బా పెట్టుకోవాలో చెప్పేవారు. దీనికి పైసా తీసుకోలేదు.

తాడు విషయంలో బేరం లేదు. ఎత్తున వేలాడే మనిషికి రెండు తాళ్లుండాలి: ఒకటి పనికి, ఒకటి ప్రాణానికి. రెండూ వేరువేరు చోట్ల కట్టాలి. చవక రకం నైలాన్ తాడుతో సరిపెడదామని వచ్చిన మేస్త్రీలకు "లేదు" అనే ఒక్క మాటే సమాధానం. పక్కన కట్టలు కట్టలుగా కనిపిస్తున్నా "లేదు" అనేవారు. రబ్బరు, బట్ట, సబ్బు ఉద్దెర ఇచ్చేవారు. ఖాతా పుస్తకంలో పేరుకు ఎదురుగా పని చేస్తున్న భవనం పేరు కూడా రాసుకునేవారు.

అలాంటి దుకాణం ఎందుకు మూతపడిందంటే ఒక్క కారణం చెప్పలేను. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు ఒకప్పుడు మూడు కొటేషన్లు తెప్పించుకుని పక్క బజార్లోనే కొనేవి. 2016లో జెమ్ పోర్టల్ వచ్చాక ఆ కొనుగోళ్లు ఆన్‌లైన్‌కు మళ్లాయి. పెద్ద భవనాల నిర్వహణ కాంట్రాక్టు కంపెనీల చేతికి పోయింది. వాళ్లు తయారీదారుల దగ్గరే టోకున కొంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే ఐటీ ఆఫీసులు ఇళ్లకు తరలిపోయాయి, అద్దాలు తుడిపించే నాథుడే లేకపోయాడు. ఉద్దెర తీసుకున్నవాళ్లలో చాలామంది సొంతూళ్లకు నడిచి వెళ్లిపోయారు. ఆ బాకీలు అడగడానికి సేఠ్‌కు మనసొప్పలేదు. తర్వాత వ్యాపారం కొంత కోలుకున్నా, మడిగె అద్దె పెరిగింది, పిల్లలు వేరే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఎవరి మీదా నింద లేకుండానే షటర్ దిగింది.

కంపెనీలకు దీనివల్ల పోయిందేమీ లేదు. నష్టమంతా సొంతంగా పని చేసుకునే కుర్రాళ్లది. ఒడిశా నుంచి, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, బండి మీద గెడ కట్టుకుని షోరూముల వెంట తిరిగేవాళ్లది. వాళ్లకు కావలసింది ఒక్క రబ్బరు ముక్క. ఫోన్‌లో చూస్తే పిడితో సహా సెట్టు దొరుకుతుంది, లేదా రబ్బర్లు డజను లెక్కన దొరుకుతాయి. దాంతో అరిగిన రబ్బరుతోనే లాగుతున్నారు. చారలు పడుతున్నాయి, షోరూమ్ వాళ్లు కూలి కోస్తున్నారు. మొన్న ఒకతను సైకిల్ ట్యూబు కోసి పట్టీలో బిగించుకున్నది చూపించాడు. ట్యూబుకు పదునైన అంచు ఉండదు, నీరు పూర్తిగా లాగదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

నాకు దీని మీద బాధే కాదు, కోపం కూడా ఉంది. వారసత్వ కట్టడమని గోడకు ఫలకం పెట్టడం మనకు వచ్చు. ఇలాంటి దుకాణం ఇరవై అడుగుల మడిగెలో ఒక వృత్తి మొత్తానికి బడిగా నడుస్తుంటే గుర్తించడం రాలేదు. వ్యాపార సంఘమో మున్సిపాలిటీయో పూనుకుని ఒక గదిని తక్కువ అద్దెకు ఇచ్చి ఉంటే, రబ్బరు చుట్టలు, కత్తెర, ఆ మీటరు అక్కడే పని చేస్తూ ఉండేవి. అది అసాధ్యమైన ఖర్చేమీ కాదు.

మడిగె ఖాళీ చేసే రోజుల్లో సేఠ్ పాత బిల్లు పుస్తకాలు నా చేతికిచ్చారు. వాటి పేజీలు తిప్పుతుంటే సినిమా హాళ్లు, నర్సింగ్ హోములు, కార్ల షోరూములు, ఆ తర్వాత మాదాపూర్ బ్లాకులు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. నగరం ఏ వైపు ఎప్పుడు గాజు తొడుక్కుందో కార్బన్ కాపీల్లో తేదీలతో సహా ఉంది. రాణీగంజ్‌లో మోటార్ల, బేరింగుల, తాళ్ల దుకాణాలవాళ్ల దగ్గర కూడా ఇలాంటి పుస్తకాలు అటకల మీద ఉంటాయి. చిత్తుకాగితాల వాడికి వేసేముందు ఒక్క మాట చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.