ఎలుకల కోసం తెచ్చిన పిల్లులు

గాలి ఎదురుగా కొడుతోంది. అది మంచిదే. మీ ఒంటి వాసన, బూట్ల చప్పుడు వెనక్కి కొట్టుకుపోతాయి, పిల్లికి చేరవు. వాన అడ్డంగా పడుతోంది, మధ్యలో మంచు రవ్వలు. వీపు మీద బ్యాటరీ బరువు, చేతిలో స్పాట్‌లైటు. పక్కనున్న మనిషి చేతిలో పన్నెండు బోరు తుపాకీ. ఇద్దరూ మాటలు మానేసి చాలాసేపయింది. ఒక కాలు నాచులో దిగబడి మోకాలి దాకా చన్నీళ్లు. రెండో కాలు నల్లటి లావా రాయి మీద పడి జారుతుంది. చెట్టు పట్టుకుని నిలదొక్కుకుందామా అంటే ఈ దీవి మీద చెట్టనేదే లేదు.

ఇది 1987. మీరున్నది మేరియన్ దీవి మీద. కేప్‌టౌన్ నుంచి ఆగ్నేయంగా దాదాపు 2,000 కిలోమీటర్ల దూరం. ఉన్నది హిందూ మహాసముద్రంలోనే, కానీ విశాఖలో మనం కాళ్లు తడుపుకునే సముద్రంతో దీనికి పోలికే లేదు. అడ్డుపడే నేల లేక పడమటి గాలులు భూగోళం చుట్టూ తిరుగుతూ వచ్చి ఈ అగ్నిపర్వతపు దిబ్బను బాదుతుంటాయి. విస్తీర్ణం 290 చదరపు కిలోమీటర్లు. దక్షిణాఫ్రికా వాతావరణ కేంద్రంలో పనిచేసే కొద్దిమంది తప్ప ఇక్కడ కాపురముండేవాళ్లు లేరు. ఈసారి మాత్రం వాళ్లతో పాటు మీరూ దిగారు: ఎనిమిది జోడీలు, పదహారు మంది. ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడే మకాం. పని ఒక్కటే. రాత్రిపూట నడవడం, పిల్లి కనిపిస్తే కాల్చడం.

ఇప్పుడు లైటు ఆర్పి వినండి. గాలి హోరు కింద నుంచి ఇంకేదో చప్పుడు. నేల లోపలి నుంచే వస్తోంది. ఎవరో ఆపకుండా రాపాడిస్తున్నట్టు కటకటమంటున్నది తెల్లగడ్డపు పెట్రెల్ పక్షి. ఆ చప్పుడు విని పాతకాలపు నావికులు దానికి చెప్పులు కుట్టేవాడని పేరు పెట్టారు. చాలా పెట్రెళ్లు పగలు సముద్రం మీద ఉంటాయి. వెలుతురులో గట్టుకు వస్తే స్కువా అనే దోపిడీ పక్షి చీల్చేస్తుంది, అందుకే చీకటి పడ్డాకే గూటికి దిగుతాయి. గూడంటే మెత్తటి నేలలో తవ్వుకున్న కలుగు. అందులో ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు. గాలిలో వీటంత నేర్పు మరే పక్షికీ ఉండదేమో గానీ నేల మీద వాలితే సరిగా నడవనైనా నడవలేవు. స్కువా నుంచి తప్పించుకోవడానికి చీకటినీ, కలుగునీ నమ్ముకున్నాయి. చీకట్లో కళ్లు కనిపించే, కలుగులో దూరగలిగే జంతువు ఒకటి వస్తుందని వీటికి తెలిసే దారి లేదు.

లైటు వేశారు. వెలుగులోకి ఒక పెట్రెల్ దూసుకొచ్చి మీ భుజానికి తగిలి గడ్డిలో పడింది. కళ్లు చెదిరి కాసేపు అలాగే కూర్చుంది. దాన్ని దాటి నాలుగడుగులు వేస్తే కలుగు నోటి దగ్గర రెండు రెక్కలు, వాటిని కలుపుతూ ఒక ఎముక. మధ్యలో ఉండాల్సిన పక్షి లేదు. ఈకలు ఇంకా తడిసి ముద్దవలేదు. అంటే ఇది ఈ రాత్రి తిన్నదే.

జోడీ మీ మోచేయి తాకాడు. ఎడమ పక్క, ఫెర్న్ పొదల అంచున, రెండు పచ్చటి చుక్కలు. పెట్రెల్ కళ్లు అలా మెరవవు. మీరు లైటు కదలనివ్వకూడదు. చెయ్యి చలికి వణుకుతున్నా సరే, ఆ రెండు చుక్కల మీదే ఉంచాలి. చుక్కలు ఒకసారి ఆరిపోయాయి, తల తిప్పినట్టుంది. మళ్లీ వెలిగాయి. పేలిన చప్పుడు గాలికి చెదిరిపోయి, మీరు అనుకున్నదానికన్నా చిన్నగా వినిపించింది.

దగ్గరికి వెళ్లి చూస్తే చారల పిల్లి. ఆడది. మనవైపు వంటింటి గోడ మీద పడుకునే పిల్లికీ దీనికీ తేడా ఏమీ లేదు, కాస్త బలంగా ఉందంతే. తోక పట్టుకుని ఎత్తినప్పుడు మీకు గర్వం ఉండదు. ఉండకూడదు కూడా. ఇది తనంతట తాను ఇక్కడికి ఈదుకుంటూ వచ్చింది కాదు. జోడీ తడవని నోటుబుక్కులో వేళ, చోటు రాసుకున్నాడు. మళ్లీ నడక.

ఎలా వచ్చాయో నడుస్తూనే చెప్పుకుందాం. 1800ల తొలినాళ్లలో సీళ్లను చంపి చర్మాలు, నూనె పట్టుకెళ్లే ఓడలు వచ్చాయి. ఆ ఓడల్లోంచి చిట్టెలుకలు దిగాయి. దక్షిణాఫ్రికా ఈ దీవిని తనదిగా ప్రకటించి వాతావరణ కేంద్రం పెట్టాక, ఆ ఎలుకలు సామాన్ల గదిలోకి చేరాయి. 1949లో ఐదు పెంపుడు పిల్లుల్ని తెచ్చారు. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లినీ, పిల్లి పాల కోసం ఆవునీ తెచ్చుకుని చివరికి సంసారంలో పడ్డ సన్యాసి కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మేరియన్ మీద జరిగింది అంతకన్నా వేగంగా జరిగింది. తలుపు దాటి బయటికెళ్లిన పిల్లికి, రాత్రంతా తిండి ఆకాశం నుంచి రాలే చోట, ఎలుకను వెంటాడాల్సిన ఖర్మేమిటి?

1975 నాటికి లెక్కగడితే ఆ ఐదూ రెండు వేలు దాటాయి. ఏడాదికి అవి తినే పెట్రెళ్లు సుమారు నాలుగున్నర లక్షలని పరిశోధకులు అంచనా కట్టారు. డైవింగ్ పెట్రెల్ అనే చిన్న పక్షి ఈ దీవి మీద గూడు కట్టడమే ఆగిపోయింది. చలికాలంలో మిగతా పెట్రెళ్లలో చాలావరకు సముద్రం మీదికి వెళ్లిపోతే, పిల్లులు అప్పుడే పిల్లల్ని పెంచే పెద్దరెక్కల పెట్రెల్ మీద పడేవి. అలా ఏడాది పొడవునా వాటికి కరువన్నది లేదు.

1977లో ఒక వైరస్‌ను తెచ్చారు. పిల్లులకు సోకే జబ్బు, ఫెలైన్ పాన్‌ల్యూకోపీనియా. వంద లోపు పిల్లుల్ని పట్టి, ఎక్కించి, దీవి అంతా వదిలారు. అప్పటికి 3,400 దాకా ఉన్న పిల్లులు 1982కి 600 చిల్లరకు దిగాయి. కాగితం మీద ఇది ఘనవిజయం. కానీ జబ్బుతో పిల్లి చావడం అంటే వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు ఇంకిపోయి రోజుల తరబడి చావడం. తూటాకు అంతసేపు పట్టదు. ఈ రెంటిలో ఏది క్రూరమని ఎవరైనా అడిగితే నా జవాబు వైరస్సే. పైగా బతికిన పిల్లులకు రోగనిరోధక శక్తి వచ్చేసింది, తగ్గుదల నెమ్మదించింది. అందుకే 1986 నుంచి తుపాకులు.

తెల్లవారే ముందు గుడిసె చేరతారు. చెక్క గోడలు, రెండు మంచాలు, ఆరని సాక్సుల వాసన. ఈ రాత్రికి ఒక్కటే. నిన్న ఒక్కటీ లేదు. మొదట్లో ఇలా ఉండేది కాదు. వేట సాగే కొద్దీ గంటకు కనిపించే పిల్లులు తగ్గిపోతూ వచ్చాయి. వేటగాడికి ఇది చిత్రమైన పని: ఎంత బాగా చేస్తే అంత ఖాళీ రాత్రులు మిగులుతాయి. మూడు సీజన్లలో అన్ని జోడీలూ కలిసి నడిచింది 14,725 గంటలు. కాల్చినవి 872 పిల్లులు, ఉచ్చుల్లో పడ్డవి మరో 80. మిగిలినవి ఆరితేరిపోయాయి. లైటు చూడగానే కళ్లు తిప్పుకుని రాళ్ల మాటుకు పోతాయి.

ఆ తర్వాత పని ఉచ్చులకు, విషానికి మారింది. నేలంతా గాలించి ఇనుప ఉచ్చులు పెట్టారు. రోజు వయసు కోడిపిల్లల కళేబరాల్లో విషం ఎక్కించి వేల సంఖ్యలో కలుగుల్లో పెట్టారు. 1991 మధ్యకల్లా చివరి పిల్లులు చిక్కాయి. ఆ తర్వాత ఎవరూ పిల్లి అడుగు చూడలేదు. ఐదు పిల్లుల్ని ఓడ దించడానికి ఒక పూట చాలు. తీసెయ్యడానికి, తొలి పరిశీలన నుంచి చివరి తనిఖీ దాకా, ఏడు దశలు, 19 ఏళ్లు పట్టాయి. అప్పటికి ప్రపంచంలో పిల్లుల్ని పూర్తిగా తొలగించిన దీవుల్లో ఇదే అతి పెద్దది. 2018లో ఆస్ట్రేలియాలోని డర్క్ హార్టాగ్ దీవి ఆ రికార్డును దాటింది.

ఇక్కడితో ఆగిపోతే చెప్పుకోవడానికి బాగానే ఉండేది. కానీ మబ్బు తెరిపిచ్చిన రోజున ఈశాన్యం వైపు చూడండి. ఇరవై కిలోమీటర్ల అవతల ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి. అక్కడ పిల్లీ లేదు, ఎలుకా లేదు, ఏనాడూ లేవు. అక్కడి నేలంతా కలుగులే. మేరియన్ మీద పిల్లులు పోయి ఇరవై ఏళ్లు దాటాక లెక్కిస్తే, కలుగులు 1979 నాటికన్నా 56 శాతం మాత్రమే పెరిగాయి. అంతకన్నా ఎన్నో రెట్లు పెరుగుతాయని ఆశపడ్డ చోట ఇది చాలా తక్కువ. కారణం 1949లో పిల్లుల్ని పిలిపించిన ఆ చిట్టెలుకలే.

2003లో తొలిసారి ఎలుక కొరికిన వాండరింగ్ ఆల్బట్రాస్ పిల్ల కనిపించింది. 2015కి అలాంటివి కోకొల్లలయ్యాయి. మీరు ఇప్పుడు కొండచరియ మీద, బూడిద తల ఆల్బట్రాస్ గూళ్ల మధ్య ఉన్నారు. చీకటి. పరారుణ కెమెరా తెర మీద ఒక పిల్ల, ఇంకా రెక్కలు రాని దూది ముద్ద. తల వెనక ఒక ఎలుక ఎక్కింది. ఇంకొకటి. కొరుకుతున్నాయి. పిల్ల తల విదిలించింది, అంతే. లేచి నడవదు, ముక్కుతో పొడవదు. నేల మీద తనను తినే జంతువును దాని జాతి ఎన్నడూ ఎరగదు. పొద్దున్నకి నెత్తి మీది చర్మం ఊడి పుర్రె కనిపిస్తోంది. 2023లో పెద్ద వాండరింగ్ ఆల్బట్రాస్‌లే ఇలా చచ్చిపడి కనిపించాయి. రెక్కలు చాస్తే మూడు మీటర్ల పక్షిని బొటనవేలంత జంతువు తినేసింది.

పిల్లుల్ని ఉంచి ఉంటే ఎలుకలు అదుపులో ఉండేవి కదా అని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదన నిలవదు. పిల్లులు తిన్నది ముఖ్యంగా పక్షుల్నే. ఎలుకలు ఇంతగా పెరగడానికి పెద్ద కారణం దీవి వెచ్చబడి, తడి తగ్గి, అవి ఈనే కాలం పొడుగవడం. పిల్లుల్ని తీసెయ్యడం తప్పు కాదు, సగం పని.

మిగతా సగానికి దక్షిణాఫ్రికా ప్రభుత్వం, బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికా సంస్థ కలిసి మౌస్ ఫ్రీ మేరియన్ పేరుతో సన్నాహాలు చేస్తున్నాయి. చలికాలంలో, ఎలుకకు తిండి కరువై ఈనడం ఆగిన వేళ, హెలికాప్టర్లతో దీవి మీద ప్రతి చరియనూ, ప్రతి ఊబినీ కప్పేలా వందల టన్నుల విషపు గుళికలు చల్లాలి. ఒక్క ఎలుకా మిగలకూడదు. అట్లాంటిక్‌లోని గాఫ్ దీవిలో 2021లో ఇదే పని చేశారు. ఆ ఏడాది డిసెంబరులో కెమెరాలో ఎలుక కనిపించింది. అంత డబ్బూ శ్రమా పోసినా అక్కడ ఎలుకలు మళ్లీ నిండిపోయాయి. మేరియన్ గాఫ్‌కు నాలుగు రెట్లకు పైగా పెద్దది.

ఈ పనికి డబ్బు ఇంకా కూడబెడుతూనే ఉన్నారు. దీవిని సుమారు 30,000 హెక్టార్లుగా విభజించి, హెక్టారుకు వెయ్యి ర్యాండ్ల లెక్కన ప్రజల్ని విరాళం అడుగుతున్నారు. పక్షుల మీద మనసున్నవాళ్లు ఏ దేశం నుంచైనా ఒక హెక్టారు ఖర్చు భరించవచ్చు.