ఢిల్లీ వీధుల అల్లిక: షాజహానాబాద్ నుంచి గురుగ్రామ్ దాకా

వీధులు ఒకదానితో ఒకటి ఎంతగా కలుస్తాయో తెలియాలంటే కూడళ్లు లెక్కపెట్టాలి. నాలుగు దారులు కలిసే చోట్లు ఎక్కువగా ఉంటే ఎటు వెళ్లడానికైనా దగ్గరి దారి దొరుకుతుంది. ముందుకు దారిలేని సందులు ఎక్కువైతే పక్క వీధికీ చుట్టూ తిరిగి వెళ్లాలి.

1639లో షాజహాన్ కట్టించడం మొదలుపెట్టిన షాజహానాబాద్‌లో ఎర్రకోట నుంచి రెండు పెద్ద బజారులు సాగాయి: పడమటికి చాందినీ చౌక్, దక్షిణానికి ఫైజ్ బజార్. వాటినుంచి చీలిన కూచాలు, గలీలు అనే సందులు చాలావరకు ఏదో ఒక గుమ్మం దగ్గర ఆగిపోయేవి. అయినా ఊరంతా ప్రాకారం లోపలే ఉండటంతో నడిచేవారికి ఆ చుట్టు భారం కాలేదు. ఇరుకు సందులను చూసి ఆ నగరాన్ని తీరూతెన్నూ లేనిదనడం అన్యాయం. 1857 తిరుగుబాటు తర్వాత ఆ అల్లిక చెదిరింది: బ్రిటిష్‌వారు కోట చుట్టూ ఉన్న కట్టడాలను కూల్చేశారు. 1860లలో రైలుమార్గం ప్రాకార నగరంలోకి చొచ్చుకొచ్చింది.

1911లో ఢిల్లీకి రాజధాని మార్పు ప్రకటించాక వాస్తుశిల్పులు లుటియెన్స్, బేకర్‌లు రూపొందించిన న్యూఢిల్లీ 1931లో ప్రారంభమైంది. త్రికోణాలు, షట్కోణాలు, గుండ్రటి కూడళ్లతో దారులన్నీ కలిశాయి. కానీ విశాలమైన బంగళా ఆవరణల వల్ల కూడలికీ కూడలికీ దూరం పెరిగింది. నడిచేవారికి దక్కింది తక్కువే.

1941లో సుమారు 9 లక్షలున్న ఢిల్లీ జనాభా, దేశవిభజన కాందిశీకుల రాకతో 1951 నాటికి 17 లక్షలు దాటింది. 1957లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1962 మాస్టర్ ప్లాన్ నగరం చుట్టూ హరితవలయం గీసింది. ప్రణాళిక అందించే ఇళ్లు మాత్రం అవసరానికి చాలలేదు. పొలాలు ముక్కలై అనధికార కాలనీలయ్యాయి. అమ్మేవాడు తన చేను గట్టుదాకానే సందు వదిలితే, పక్క చేనుతో దాన్ని కలిపే బాధ్యత ఎవరిదీ కాలేదు. 2019లో ఇలాంటి 1,731 కాలనీలవారికి ఆస్తి హక్కులిచ్చే నిర్ణయం జరిగింది. హక్కుపత్రం వచ్చినంత మాత్రాన వీధి వెడల్పు కాదు.

ఢిల్లీ సరిహద్దులు దాటాక కథ రెండు దారులు పట్టింది. 1976లో ఏర్పడిన నోయిడాలో ప్రభుత్వ సంస్థే భూమి సేకరించి సెక్టార్లుగా విభజించింది. వాటి మధ్య పెద్ద రోడ్లు ఒకదాన్నొకటి ఖండిస్తూ సాగాయి. గురుగ్రామ్‌లో 1975 నాటి హర్యానా చట్టం కింద ప్రైవేటు సంస్థలు లైసెన్సులు పొంది తమ భూముల్లో కాలనీలు వేశాయి. నగరపాలక సంస్థ వచ్చింది 2008లో. అప్పటికే గోడలు, గేట్లు నిలిచిపోయాయి. గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్లవారు కలుసుకోవాలన్నా పెద్ద రోడ్డెక్కాల్సిన స్థితి వచ్చింది. షాజహానాబాద్‌లో అడుగులతో తీరిన చుట్టు ఇక్కడ కారు ప్రయాణమైంది.

2002లో మొదలైన మెట్రో దూరాలను దగ్గర చేసినా, స్టేషన్ నుంచి ఇంటిదాకా నడవాల్సింది ఈ వీధుల్లోనే. అటు చాందినీ చౌక్‌లో మాత్రం నడిచేవారి కోసం, ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదుదాకా, 2021 నుంచి పగటివేళ మోటారు వాహనాలను నిషేధించారు.