ధాత కరువు చెప్పు పాఠము

ప్రియ చదువరీ, తన తప్పు వలన నేర్చుకొనుట మేలా, పరుల తప్పు చూచి నేర్చుకొనుట మేలా అని అడిగినచో నీవేమందువు? పరుల తప్పు చూచి నేర్చుకొనుటయే లాభమందువు. అందు మన చేయి కాలదు గదా! అయినను 1876లో మన కర్నూలు, కడప సీమలపై పడిన కరువు కథ విని, పిమ్మట జవాబు చెప్పుము. పెద్దలు దానిని ధాత కరువనిరి.

అంతకు పదియేండ్ల క్రిందట, 1866లో, ఒరిస్సాలో కరువు వచ్చెను. దొరతనమువారు ధాన్యము తెప్పించుటలో ఆలస్యము చేసిరి. సుమారు 10 లక్షలమంది చనిపోయిరి. 1874లో బీహారులో పంటలు పోయినప్పుడు కరువు పని సర్ రిచర్డ్ టెంపుల్ అను దొర చేతికి వచ్చెను. ఒరిస్సా తప్పు అందరి యెదుట నుండెను. ఆయన బర్మానుండి లక్షలకొలది టన్నుల బియ్యము తెప్పించెను. ఆకలిచావులు బహు స్వల్పము. పరుల తప్పు చూచి నేర్చుకొనిన ఫలమిది.

కాని ఆయనకు దొరికినది మెప్పు కాదు, నింద. సర్కారు సొమ్ము దుబారా చేసెనని పలువురు దూషించిరి. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ఆయననే మద్రాసు రాజధానికి పంపగా, ఈసారి పొదుపే ఆయన నియమమాయెను. కరువు పనులలో దినమంతయు రాళ్లు కొట్టిన మగవానికి కూలి ఒక పౌను గింజల వెల, దానిపై కొద్ది చిల్లర మాత్రమే. ఆ తిండితో కష్టించు దేహము నిలువదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ ఎదిరించి వ్రాసెను. కొన్ని నెలలకు కూలి పెంచిరి. ఈలోగా ఎందరో కృశించిపోయిరి.

వానలు లేకపోవుట, ధరలు మండుట, కలరా, జ్వరములు, వలసలు అన్నియు కలిసి సీమను ఖాళీ చేసెను. 1871లో కర్నూలు జిల్లా జనము సుమారు 9 లక్షల 14 వేలు. 1881లో 6 లక్షల 78 వేలు. నలుగురిలో ఒకరు లేరు!

చూచితివా? టెంపుల్ పరుల తప్పునుండి సరియైన పాఠమే నేర్చెను. పిమ్మట లోకనిందకు వెరచి, తాను చేసిన మేలునే తప్పుగా ఎంచెను. నింద పడినంత మాత్రమున అది తప్పు కాదు. మెప్పు వచ్చినంత మాత్రమున అది ఒప్పు కాదు.

తరువాత విచారణ సంఘము 1880లో నివేదిక నిచ్చెను. 1883లో కరువు నిబంధనలు ఏర్పడెను. ప్రతి కలెక్టరును తానే తప్పు చేసి నేర్చుకొననక్కర లేకుండ, గడచినవారి తప్పులే నియమములుగా వ్రాయబడెను.

కావున చదువరీ, నా తప్పు వలన నేర్చుకొందునని అనుకొనునప్పుడు ఒకటి అడిగికొనుము: ఈ తప్పునకు వెల ఇచ్చునదెవరు? నీ సంకటి మాడినచో నీవే తిందువు. ఆ పాఠము నీకు చౌక. పదిమంది గింజలు కొలుచు చేయి నీదైనచో, నీ తప్పు కొరకు కాచుకొనకుము. ఇదివరకే వెల చెల్లించినవారిని తలచుకొని కొలువుము.